మా ఆఫీసులో నాటకాల క్లబ్బు పెట్టిన కథ

2025 ఫిబ్రవరి 3, సోమవారం. పొద్దున స్టాండప్ మీటింగ్ అవగానే హెచ్‌ఆర్ వాళ్లకి మెయిల్ కొట్టాను, మన ఆఫీసులో తెలుగు నాటకాల క్లబ్బు పెట్టుకోవచ్చా, ఏం చెయ్యాలి అని. రెండే లైన్లు. మాకు అప్పటికే బ్యాడ్మింటన్ క్లబ్బుంది, రన్నింగ్ క్లబ్బుంది, ఫొటోగ్రఫీ క్లబ్బుంది. కంపెనీయే కోర్టులు బుక్ చేస్తుంది, టీషర్టులు కొనిస్తుంది. మరి నాటకానికి ఎందుకివ్వరు అనుకున్నాను.

మాది నరసరావుపేట. చిన్నప్పుడు మా నాన్న పరిషత్తు పోటీలకి తీసుకెళ్తే మూడో నాటకానికల్లా ఆయన ఒళ్లో నిద్రపోయేదాన్ని. నాటకంతో నాకున్న సంబంధం అంతే. నేను చేసేది గచ్చిబౌలిలో టెస్టింగ్ ఉద్యోగం. మరి నీకెందుకీ గోల అని మా ఆయన అడిగాడు, ఇప్పటికీ అడుగుతున్నాడు.

జవాబు ఫిబ్రవరి 14న వచ్చింది. పదకొండు రోజులు. ఒక ఫారం పంపారు: కనీసం 20 మంది సభ్యులుండాలి, మూడు వేర్వేరు డిపార్ట్‌మెంట్ల నుంచి ఉండాలి, అందరూ పర్మనెంట్ ఉద్యోగులే అయ్యుండాలి, ఏడాదికి ఎంత ఖర్చవుతుందో రాయాలి. లంచ్ టైములో కెఫెటేరియా మెట్ల దగ్గర నిలబడి రెండు రోజుల్లో 34 సంతకాలు పట్టాను. ఎంత గర్వంగా ఉండిందంటే ఆ కాగితం ఫొటో తీసి మా నాన్నకి పంపాను. ఆ 34 మందిలో సగం మంది ప్లేటు చేత్తో పట్టుకుని, నేను దారికి అడ్డం ఉన్నానని సంతకం పెట్టినవాళ్లని నాకప్పుడు తెలీదు.

ఫారం ఇచ్చాక ఇంకో వారానికి చల్లగా చెప్పారు, ఈ ఆర్థిక సంవత్సరం బడ్జెట్ అయిపోయింది, ఏప్రిల్లో మళ్లీ పెట్టండి అని. అదేదో మొదటి మెయిల్లోనే చెప్పొచ్చుగా! మీరెవరైనా క్లబ్బు పెట్టాలనుకుంటే జనవరి నుంచి మార్చి దాకా సంతకాలు పోగేసుకుని, ఏప్రిల్ మొదటి వారంలో ఫారం పెట్టండి. నేను ఏప్రిల్ 7న మళ్లీ పెట్టాను. పాత సంతకాలు చెల్లవన్నారు, మళ్లీ మెట్ల దగ్గర నిలబడ్డాను. ఈసారి 26 వచ్చాయి.

మే 16న శాంక్షన్ అయింది. లక్షా ఇరవై వేలు అడిగితే 50 వేలిచ్చారు, అదీ రెండు విడతలుగా. మొదటి 25 వేలు ఇప్పుడు, మిగతా సగం మొదటి ప్రదర్శన అయ్యాక రిపోర్టు ఇస్తే. డబ్బులు మన చేతికిస్తారనుకుంటారేమో, ఇవ్వరు. అది సిస్టమ్‌లో కనిపించే ఒక అంకె మాత్రమే. మనం బిల్లు పెడితే అందులోంచి తగ్గుతుంది. మనం పెట్టకుండా కూడా తగ్గుతుంది, అది తర్వాత చెప్తాను.

మే 22 గురువారం మొదటి మీటింగ్. ఇరవై ఆరు మందికీ క్యాలెండర్ ఇన్వైట్ వెళ్లింది, పద్దెనిమిది మంది వస్తామని నొక్కారు. వచ్చింది తొమ్మిది మంది. వాళ్లలో ఒకమ్మాయి జుంబా క్లాసనుకుని వచ్చింది. ఉండిపోయింది పాపం, చివరికి హీరోయిన్ తనే. తొమ్మిది మందికీ సమోసాలు తెప్పించాను, ఆ బిల్లు క్లబ్బు ఖాతాలో పెడితే "ఆహార ఖర్చులు అనుమతి లేదు" అని వెనక్కొచ్చింది. అప్పట్నుంచి ఆగస్టు దాకా టీలకి, మిరపకాయ బజ్జీలకి నా జేబులోంచి 2,340 రూపాయలైంది. ఫోన్ పే హిస్టరీ చూసి కూడితే తేలిన లెక్క.

ఉన్న నాటకం ఏదైనా వేద్దామంటే హక్కులు ఎవరివో, అనుమతి కాగితం ఏదో కావాలన్నారు లీగల్ వాళ్లు. సరే, మనమే రాసుకుందాం అన్నాం. కొండాపూర్లో డబుల్ బెడ్రూం ఫ్లాటు, అందులో మొగుడూ పెళ్ళాం, బ్రోకరు, వాచ్‌మన్, అద్దె పెంచడానికి వచ్చే ఓనరు. పాతిక నిమిషాలు. మా అందరికీ బాగా తెలిసిన బాధ అదొక్కటే మరి. రెండు వారాల్లో రాసేశాం. జూన్ 13న స్క్రిప్టు అప్రూవల్‌కి పంపాం.

ఇక్కడ నేను అస్సలు ఊహించనిది ఒకటి జరిగింది. స్క్రిప్టు చూడాల్సిన ఆవిడ పుణెలో ఉంటారు, ఆవిడకి తెలుగు రాదు. కాబట్టి ఇంగ్లీషులోకి మార్చి పంపమన్నారు. మేం నవ్వుకుంటూ రాసుకున్న డైలాగులన్నీ నేనే కూర్చుని ఒక ఆదివారమంతా ఇంగ్లీషులో పెట్టాను. చదువుకుంటే నాకే ఏడుపొచ్చింది. పెళ్ళాం మొగుణ్ని "నీ మొహం!" అంటుంది కదా, నేను ఉన్నదున్నట్టు "యువర్ ఫేస్" అని రాశాను. దాని పక్కన ఆవిడ కామెంటు పెట్టారు: ఇది ఒకరి శరీరాకృతి మీద వ్యాఖ్య, మన పాలసీకి విరుద్ధం, తీసెయ్యండి. ఇది తిట్టు కూడా కాదండీ, ముద్దు అని వివరిస్తూ నేను పెద్ద మెయిల్ రాశాను. మూడు మెయిళ్లయ్యాక ఒప్పుకున్నారు. బ్రోకరు కులం అడిగే సీను మాత్రం తీసెయ్యమన్నారు. హైదరాబాద్‌లో ఇల్లు వెతికిన వాళ్లకి ఆ సీను ఎందుకుందో చెప్పక్కర్లేదు, మా నాటకంలో అన్నిటికన్నా నిజమైన సీను అదే. వాదించాను, కుదర్లేదు. దాని బదులు "వెజ్జా, నాన్ వెజ్జా?" అని అడిగించి, ఆ తర్వాత బ్రోకరు చేత కాసేపు ఏం మాట్లాడించకుండా మొహంలోకి చూస్తూ ఉండమన్నాం. జులై 4న ఓకే అయింది. మూడు వారాలు.

జులై 8 నుంచి రిహార్సల్స్, మంగళవారం, గురువారం, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, నాలుగో అంతస్తు ట్రైనింగ్ రూంలో. ఆ నెల చాలా బాగా గడిచింది, నిజం. పొద్దున్నుంచి బగ్గుల గురించి కొట్టుకున్న వాళ్లం, సాయంత్రం కుర్చీలు జరిపి "ఇది తలుపు, ఇది కిచెను" అని ఫ్లోరు మీద టేపు అంటించుకునేవాళ్లం. ఓనరు వేషం కామారెడ్డి అబ్బాయిది. మీటింగుల్లో నోరు విప్పడు, ఇక్కడ మాత్రం సోఫా మీద కాలు మీద కాలేసుకుని "గీ బిల్డింగుల నా ముంగట మాట్లాడెటోడే లేడు" అంటుంటే మాకు నవ్వాగేది కాదు. నేను ప్రాంప్టింగ్, అంటే పక్కనుంచి డైలాగులు అందించడం. స్టేజీ ఎక్కే ధైర్యం నాకు లేదు.

రాత్రి ఇంటికెళ్లే క్యాబు ఇంకో తలనొప్పి. ఆడవాళ్లకి రాత్రి డ్రాప్ ఉంటుంది గానీ, నాలుగు గంటల ముందే యాప్‌లో పెట్టాలి, కారణం సెలెక్ట్ చెయ్యాలి. ఆ కారణాల్లో క్లబ్బు అన్నది లేదు. నేనూ హీరోయినూ జులై అంతా "ప్రొడక్షన్ సపోర్ట్" అని నొక్కాం. అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ని చూసుకునే డ్యూటీ. నాటకాన్ని కూడా ప్రొడక్షన్ అంటారు కాబట్టి ఒకరకంగా నిజమే కదా.

ఆగస్టు 4న బాంబు పడింది. సిస్టమ్‌లో మా క్లబ్బు ఖాతా చూస్తే 25 వేలకి 14,200 ఉంది. ఏంటని అడిగితే, బిల్డింగులో సాయంత్రం ఏడు తర్వాత ఏసీ ఆడితే గంటకి 900, ఎవరు వాడితే వాళ్ల బడ్జెట్లోంచి పోతుందట. ఎనిమిది రిహార్సల్స్, గంటన్నర చొప్పున పన్నెండు గంటలు, 10,800. మాకెవరూ చెప్పలేదు. ఏసీ మాకొద్దు, తీసెయ్యండి అంటే ఆ అద్దాల బిల్డింగులో తెరవడానికి ఒక్క కిటికీ లేదు. ఆ రోజు మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది. బ్యాడ్మింటన్ వాళ్లకి కోర్టు బయట ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. మీరు ఆఫీసులోనే ఏదైనా చెయ్యాలనుకుంటే ముందు ఫెసిలిటీస్ వాళ్లని ఈ ముక్క అడగండి.

అక్కణ్నుంచి మకాం మార్చాం. కొత్తగూడ బొటానికల్ గార్డెన్లో శనివారం పొద్దున్నే, మిగతా రోజుల్లో బ్రోకరు వేషం అబ్బాయి ఫ్లాట్లో. ఆగస్టు 9, శనివారం, రాఖీ పండగ. గార్డెన్లో చెట్టు కింద మొగుడూ పెళ్ళాం సీను చేస్తున్నారు, "ఈ ఇంట్లో నాకో బాల్కనీ కూడా లేకుండా చేశావు" అని ఆ అమ్మాయి గట్టిగా అరుస్తోంది. వాకింగ్‌కొచ్చిన పెద్దాయన ఒకాయన ఆగి, చెవిలో ఇయర్ ఫోన్ తీసి, "పండగ పూట బజార్న పడతారేంటమ్మా, ఇంటికెళ్లి మాట్లాడుకోండి" అని అబ్బాయి భుజం తట్టారు. నాటకమండీ అంటే నమ్మలేదు. కాగితాలు చూపించాం. అప్పుడు ఇంకో పది నిమిషాలు నిలబడి మొత్తం చూసి, "ఓనరు ఇంకా కఠినంగా ఉండాలి, నేనూ ఓనర్నే" అని వెళ్లిపోయారు.

మేకప్ సంగతి. మాకెవరికీ తెలీదు. లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉందని, 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక సమాజం కుటుంబాల వాళ్లు అక్కడుంటారని మా నాన్న ఫోన్లో చెప్పారు. ఎనిమిదేళ్లుగా గచ్చిబౌలిలో పని చేస్తున్నాను, ఆ పక్కనే అది ఉందని నాకు తెలీదు. జులై 26న వెళ్తే వాళ్లూ వీళ్లూ కలిసి ఒక మాస్టారి దగ్గరికి పంపారు. అరవై దాటి ఉంటాయి. ఏం నాటకం అని కూడా అడగలేదు, ఎంతమంది, లైట్లు ఏ రకం అని అడిగారు. ట్యూబ్ లైట్లంటే కాసేపు ఆలోచించి "అయితే రంగు పలచగా వెయ్యాలి" అన్నారు. బయటైతే ఎనిమిది వేలు, మొదటిసారి కాబట్టి ఆరు వేలు.

ఇక ఆయన్ని కంపెనీ వెండరుగా నమోదు చెయ్యాలి. పద్నాలుగు పేజీల ఫారం. మీ సంస్థ వెబ్‌సైట్ ఏది, మీకు సైబర్ సెక్యూరిటీ పాలసీ ఉందా, మీ ఉద్యోగుల సంఖ్య ఎంత. ఆయన అరుగు మీద కూర్చుని నేను ఒక్కో ప్రశ్న తెలుగులో చదువుతుంటే, ఉద్యోగుల సంఖ్య దగ్గర లోపలికి చూసి "మా ఆవిడ్ని కలిపితే ఇద్దరం" అన్నారు. జీఎస్టీ నంబరు లేదు, ఏడాదికి 20 లక్షల లోపు వచ్చేవాళ్లకి అక్కర్లేదు కూడా, కానీ లేదని ఒక డిక్లరేషన్ రాసివ్వాలట. క్యాన్సిల్ చేసిన చెక్కు కావాలట. ఆయన దగ్గర పాస్‌బుక్కు తప్ప చెక్కుబుక్కు లేదు, బ్యాంకులో అప్లై చేస్తే పది రోజులకొచ్చింది. ఆ మొదటి చెక్కు మీద అడ్డంగా గీత గీసి క్యాన్సిల్డ్ అని నేను రాస్తుంటే ఆయన మొహం చూడలేకపోయాను.

ప్రదర్శన ఆగస్టు 29, శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి, తెలుగు భాషా దినోత్సవం అని కలిసొస్తుందని పెట్టుకున్నాం. 27న వినాయక చవితి. కామారెడ్డి అబ్బాయి పండగకి ఇంటికెళ్లి 28 మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానన్నాడు. ఆ రెండు రోజులూ అటువైపు ఎలాంటి వానలు పడ్డాయో మీకు గుర్తుండే ఉంటుంది. రైల్వే పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే మీద నీళ్లు. 27 రాత్రి నుంచి అతని ఫోన్ కలవలేదు. మొదట నాటకం ఏమైపోతుందో అని టెన్షన్, తర్వాత అసలు మనిషి ఎలా ఉన్నాడో అని టెన్షన్, మొదట నాటకం గురించి ఆలోచించానని సిగ్గు. 28 సాయంత్రం మెసేజ్ వచ్చింది: "మేం బానే ఉన్నం అక్కా. కింది ఇండ్లల్ల నీళ్లొచ్చినయ్. వచ్చుడు కాదు. సారీ."

29 పొద్దున ఏం చెయ్యాలో తోచలేదు. నాటకం మొత్తం నోటికొచ్చిన దాన్ని నేనొక్కదాన్నే, ప్రాంప్టర్ని కదా. నువ్వే ఓనరమ్మగా చెయ్యి అన్నారందరూ. సరే అన్నాను గానీ లంచ్ దిగలేదు, చేతులు చల్లబడిపోయాయి.

రెండింటికి మాస్టారొచ్చారు. రాగానే గేటు దగ్గర ఆపేశారు, ఆయన పెట్టెలో మీసాలు అతికించే స్పిరిట్ గమ్ సీసా ఉంది, మంటలంటుకునే వస్తువు లోపలికి రానివ్వరట. నలభై నిమిషాలు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. అదే గేటు దగ్గర వారం ముందు మా హార్మోనియానికీ ఇదే మర్యాద జరిగింది, రిజిస్టర్లో మేక్, మోడల్, సీరియల్ నంబరు రాయాలంటే మోడల్ దగ్గర "పెట్టె" అని రాసి లోపలికి తెచ్చుకున్నాం. చివరికి సూపర్‌వైజర్ దిగొచ్చి, సీసా మూత తీసి వాసన చూసి, పంపించాడు.

వాచ్‌మన్‌కి మీసం అతికిస్తూ మాస్టారు నా వంక చూశారు. "ఏంటమ్మా, అట్లా ఉన్నావు?" చెప్పాను. మీసం అంచు వేలితో నొక్కిపట్టి, "ఏదీ, ఆ కాగితాలిటివ్వు, ఎన్ని పేజీలు?" అన్నారు. రెండున్నర పేజీలు. ఒక చేత్తో క్రేప్ హెయిర్ కత్తిరిస్తూ, రెండో చేత్తో కాగితం పట్టుకుని ఒకసారి చదివారు. హీరోయిన్‌కి కాటుక దిద్దుతూ ఇంకోసారి నా చేత చదివించుకున్నారు. "మా ఇంట్లో ఎవరికి జ్వరమొస్తే ఆ వేషం పక్కవాడిది. పుట్టిన దగ్గర్నుంచి ఇదే పని" అన్నారు. తన మొహానికి ఐదు నిమిషాలు పట్టింది, కనుబొమల మీద రెండు గీతలు, బుగ్గ మీద ఒక పులిపిరి. అద్దంలోంచి మమ్మల్ని చూసి కళ్లు చిన్నవి చేశారు. నా అడ్వాన్సు ఈయనే ఎగ్గొట్టాడేమో అనిపించింది.

అంతకుముందు ఉద్యోగులందరికీ పెట్టిన టౌన్‌హాల్ మీటింగ్ సాగడం వల్ల నాలుగింటి నాటకం నాలుగూ ఇరవైకి మొదలైంది. నూట నలభై మంది దాకా ఉంటారు, సగం మంది నిలబడే. మాస్టారు లోపలికి రాగానే సోఫా మీద కూర్చోలేదు, ముందు గోడ మీద చెయ్యి పెట్టి రుద్ది, మేకు కొట్టారా అని చూశారు. అది మా స్క్రిప్టులో లేదు. హాలంతా గొల్లుమంది. అద్దె ఎందుకు పెంచుతున్నారండీ అని మొగుడు అడిగితే "మార్కెట్ రేటు" అనాలి, అంతే డైలాగు. ఆయన ఒక్క క్షణం ఆగి, కండువా సర్దుకుని, హార్మోనియం మీద ఉన్న కుర్రాడి వైపు వేలు చూపించి, "అద్దె పెంచక నేనెట్టులాగువాడ" అని పద్యం ఎత్తుకున్నారు. ఆ "వాడ" దగ్గర రాగం తీశారు చూడండి, ఎంతసేపో నాకు తెలీదు, మా పుణె మేనేజరు వీడియో కాల్లో చూస్తూ చప్పట్లు కొట్టడం స్క్రీన్ మీద కనిపించింది. హార్మోనియం కుర్రాడికి శ్రుతి అందలేదు, అయినా ఏదో వాయించాడు. మొగుడు వేషం వాడు నవ్వాపుకోలేక వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మెయిల్ కొట్టిన 207వ రోజది.

ఆ తర్వాత రోజులు గబగబా చెప్తాను. హార్మోనియం బయటికి తీసుకెళ్లే గేట్ పాస్ మీద సంతకం పెట్టేవాళ్లు ఆరింటికే వెళ్లిపోయారు, సోమవారం దాకా అది సెక్యూరిటీ గదిలోనే ఉంది. నటించిన వాళ్లందరికీ వెయ్యి రూపాయల గిఫ్ట్ వోచర్లొచ్చాయి, మాస్టారికి రాలేదు, ఎంప్లాయీ ఐడీ లేదు కాబట్టి. బయటి వ్యక్తి స్టేజీ ఎక్కడానికి ముందస్తు అనుమతి ఏది అని నాకొక మెయిల్ వచ్చింది. "అత్యవసర మేకప్ సహాయం" అని జవాబిచ్చాను. ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. కాలర్ మైకులకి 4,500, బట్టలకీ సామాన్లకీ 3,200, మాస్టారి ఆరు వేలు పోను ఖాతాలో 500 మిగిలింది.

ఆ ఆరు వేల బిల్లు సెప్టెంబరు 1న పెట్టాను. వెండర్లకి 45 రోజుల్లో ఇస్తారట. దసరా వెళ్లింది. దసరా అయ్యాక ఆయన ఒకసారి ఫోన్ చేశారు, బాగున్నావా తల్లీ, పిల్లలెలా ఉన్నారు అన్నీ అడిగి, చివర్లో మాత్రం, "అది ఏమన్నా తెలిసిందా" అన్నారు. నెక్స్ట్ వీక్ వస్తుందండీ అన్నాను. నాకేం తెలుసు? నేనే ఇచ్చేస్తానంటే "నీ చేతి డబ్బులొద్దమ్మా, కంపెనీవే రానీ" అన్నారు. దీపావళి కూడా వెళ్లింది. లిఫ్టులో ఫైనాన్స్ వాళ్లు కనిపిస్తే చాలు, నా కడుపులో తిప్పేది. పదివేల మంది పని చేసే చోట ఆరు వేల రూపాయల కోసం నేను పదకొండు మెయిళ్లు పెట్టాను.

నవంబరు 7న పడ్డాయి. 67 రోజులకి. సాయంత్రం మాస్టారి ఫోన్: "అమ్మా, డబ్బులొచ్చాయి. ఐదు వేల నాలుగొందలే ఉన్నాయి. ఆరొందలెవరు తీసుకున్నారు?"

పది శాతం టీడీఎస్, అంటే డబ్బులిచ్చే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసేశారు. ఏడాదికి 50 వేలు దాటకపోతే కొయ్యాల్సిన పనే లేదని మా ఆడిటర్ ఫ్రెండ్ అంది. ఫైనాన్స్ వాళ్లని అడిగితే సిస్టమ్‌లో అలా సెట్టయి ఉందన్నారు, ఆయన రిటర్న్ వేసుకుంటే వెనక్కొస్తుందన్నారు. ఇదంతా ఆయనకి వివరించాను. గవర్నమెంటుకి కట్టారు, మీ పాన్ నంబరు మీదే ఉంటుంది, జులైలో అడిగి తెచ్చుకోవచ్చు, నేనే వేయిస్తాను అని. ఆయన అంతా విని, "పోన్లే, పద్యానికి పన్ను కట్టిన మొదటివాణ్ని నేనే అయ్యుంటా" అన్నారు.

రెండో విడత 25 వేల కోసం సెప్టెంబరు 8న రిపోర్టు పెట్టాం, ఐదు ఫొటోలు, ఫీడ్‌బ్యాక్ మార్కులు అన్నీ కలిపి. ఇది రాసే రోజుకి "అండర్ రివ్యూ" అనే ఉంది. కామారెడ్డి అబ్బాయి మాత్రం అప్పుడే సంక్రాంతికి వేద్దామంటున్నాడు, ఓనరు వేషం తనదేనట, ఇంకెవరికీ ఇవ్వొద్దట. మాస్టారికి ఆ మాట చెప్తే, "వెయ్యండమ్మా, నేను రంగేస్తాను. కానీ ఈసారి ఆరు వేలంటే చేతికి ఆరు వేలు" అన్నారు.